ఎంకి ఎవరు? – పిలుపులో ఉన్న ప్రేరణ

నండూరి వెంకట సుబ్బారావు (1895–1957) రచించిన ఎంకిపాటలు 1925లో పుస్తకరూపంలో వెలువడ్డాయి. అప్పటినుంచి ఆ పాటలు విన్నవారు, చదివినవారు అడుగుతూ వచ్చిన ప్రశ్న ఒకటుంది. ఎంకి ఎవరు? కవి జీవితంలో అటువంటి స్త్రీ ఎవరైనా ఉన్నారా, లేక ఆమె కేవలం ఊహలో పుట్టిన నాయికా? ఎవరో ఒక పల్లెపడుచు ఉండే ఉంటుందన్నవారు ఉన్నారు. ఊహాసుందరి మాత్రమేనని తేల్చినవారూ ఉన్నారు. ఈ వ్యాసంలో ఆ వ్యక్తి ఎవరో నిర్ణయించే ప్రయత్నం లేదు. ప్రశ్ననే కొంచెం మార్చి అడగాలన్నది నా ప్రతిపాదన. ఎంకి ఎవరు అని కాక, ఆమెను ‘ఎంకీ’ అని పిలిచే హక్కు ఎవరిది అని అడిగితే, పాట వెనుక ఉన్న ప్రేరణ పాటలోనే వినిపిస్తుంది.

ఈ విషయం మన విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పవలసిన అవసరం ఉంది. వీరిలో చాలామంది తెలుగుదేశానికి వెలుపల పుట్టి పెరిగినవారు. ఉదాహరణకు తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని నిడుగల్లు ప్రాంతాన్ని తీసుకుందాం. తాలూకా కర్ణాటకలో ఉన్నా, చుట్టూ చాలా భాగం ఆంధ్రప్రదేశ్ సరిహద్దే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. 13వ శతాబ్దంలో ఇరుంగోళ చోళులు ఏలిన కొండకోట ఈ నిడుగల్లు. ఆ పేరులోని ‘నిడు’ అంటే పొడవైన, ‘కల్లు’ అంటే రాయి. ఓరుగల్లులో ఉన్న ‘కల్లు’ ఇదే. రెండుచోట్లా ‘క’ మెత్తబడి ‘గ’ అయింది. ఈ పేరు తెలుగుదా కన్నడానిదా అని తగవు పెట్టుకొంటే తీర్పు చెప్పడం కష్టం. రెండు భాషలూ తమదే అనగల పేరు అది.

ఇటువంటి చోటునుంచి వచ్చిన విద్యార్థి పాఠ్యపుస్తకంలోని తెలుగును చూసి తన తెలుగు తక్కువదనుకొంటాడు. అదే విద్యార్థి ఎంకిపాటలు చదివినప్పుడు మొదట తడబడతాడు. తరువాత, “ఇది మా అవ్వ మాటలాగే ఉందే” అంటాడు. ఆ మాట విమర్శకు మంచి ప్రారంభం. ఎందుకంటే కోస్తా జిల్లాల పలుకుబడితో రాసిన పాట, అక్కడినుంచి ఇంత దూరాన ఉన్న ఒక ఇంటి గొంతును గుర్తుచేయగలిగిందంటే, ఆ పాటకు ప్రేరణ ఒక వ్యక్తికి మాత్రమే పరిమితమైనది కాదన్నమాట.

వ్యక్తి తెలిసిన పాటలు

ప్రేరణ ఎవరో స్పష్టంగా తెలిసినప్పుడు పాటకు ఏమవుతుందో ముందు చూడాలి. స్కాట్లండు రైతుబిడ్డ రాబర్ట్ బర్న్స్ (1759–1796) ఇందుకు మంచి ఉదాహరణ. ఆ దేశంలో పంటకోతల్లో ఒక మగవాణ్ణి, ఒక ఆడమనిషిని జతకట్టి కోతకు పంపే ఆచారం ఉండేది. పదిహేనో ఏట తనకు జతగా వచ్చిన పిల్ల మీద ఇష్టంతోనే మొదటి పాట కట్టానని బర్న్స్ 1787లో డాక్టర్ జాన్ మూర్‌కు రాసిన లేఖలో స్వయంగా చెప్పుకొన్నాడు. ఇంతకన్న గట్టి సాక్ష్యం ఏ ప్రేమపాటకు దొరుకుతుంది? అయితే ఆ పాట పసితనపు రచన అని కూడా ఆయనే అన్నాడు. పాత రోజులు గుర్తుకు తెస్తుంది కనుక దానిమీద మమకారం పోలేదన్నాడు. ఆ మమకారం కవిది. పాఠకుడికి అందులో వాటా లేదు. మరోవైపు, లోకమంతా నేటికీ పాడుకొనే ఆయన ఎర్రగులాబి పాట (1794) పల్లెలో విన్న పాత పాటలనుంచి తీసుకొన్నదే. ప్రేరణ పేరు తెలిసిన పాట వెనుకబడింది. పదిమంది నోళ్లలో నలిగిన పాట నిలిచింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ తుమకూరు జిల్లాలోనే ఉంది. కన్నడ కవి కె. ఎస్. నరసింహస్వామి 1942లో ‘మైసూరు మల్లిగె’ ప్రకటించారు. దాంపత్య ప్రేమకు కన్నడంలో ఆ పుస్తకం మారుపేరైంది. పెళ్లిళ్లలో దాన్ని కానుకగా ఇచ్చే వాడుక కూడా వచ్చింది. ఆయన భార్య వెంకమ్మగారు తిపటూరు ఆడపడుచు. 1936లో వారి వివాహం జరిగింది. ఈ కవితలకు ప్రేరణ ఆమెయేనని కన్నడ పాఠకలోకం మొదటినుంచీ అనుకొంటూనే ఉంది. కాని ఆ పుస్తకాన్ని కానుకగా అందుకొన్న కొత్త దంపతులు వెంకమ్మగారి కోసం చదవరు. చదివిన ప్రతి మగవాడూ ఆ పాటలో తన ఇల్లాలిని, ప్రతి స్త్రీ తన పుట్టింటినీ చూసుకొంటారు. కవి స్వంత అనుభవం పాఠకుడికి చోటిచ్చి పక్కకు తప్పుకొంది. సొంత ప్రేరణ సార్థకమైందనడానికి కొలత అదే.

తెలుగులోనూ ఈ కుతూహలం కొత్తది కాదు. క్షేత్రయ్యకు పదాలు రాయించినది మోహనాంగి అనే దేవదాసి మీద వలపేనన్న కథ తరతరాలుగా ఉంది. పదం చివర ఉండేది మాత్రం మువ్వగోపాలుడి ముద్ర. ఒక మనిషి మీది వలపు దేవుడి పేరుతో ముగియడం ఆ కాలపు మర్యాద. జానపద గేయాల్లోనైతే ఈ ప్రశ్నకే తావు లేదు. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ (1958) వంటి పరిశోధనల వల్ల ఆ పాటల సంపద ఎంతటిదో మనకు తెలిసింది. వాటిలో కట్టినవారి పేరు ఉండదు. కనుక ఎవరికోసం కట్టారన్న ఆరా ఉండదు. కవి పేరు అట్టమీద అచ్చయినప్పుడే ఆయన ప్రేయసి పేరు కూడా కావాలనిపిస్తుంది. ఎంకిపాటలు ఈ రెండు స్థితుల మధ్య నిలిచిన రచన. అచ్చుపుస్తకానికి కర్త ఉన్నాడు. పాట నడక మాత్రం కర్త లేని పాటల నడక. “ఎంకి ఎవరు?” అన్న ప్రశ్న తెగకుండా సాగడానికి ఇదొక కారణం.

పేరులోని వ్యాకరణం

ఇప్పుడు పేరును పరిశీలిద్దాం. ‘ఎంకి’ అనేది వెంకటమ్మ, వెంకటలక్ష్మి వంటి పేర్లకు పల్లెటూరి ముద్దురూపం. ఎ, ఏ, ఇ, ఈ అనే అచ్చుల ముందు పదాది వకారం లోపించడం తెలుగు పలుకుబడుల్లో విస్తారంగా ఉంది. వెన్న ‘ఎన్న’ అవుతుంది, వేప ‘ఏప’ అవుతుంది, వీపు ‘ఈపు’ అవుతుంది. పాత మైసూరు పల్లెల కన్నడంలోనూ వెంకటప్ప ‘యెంకటప్ప’ అవుతాడు. కనుక నిడుగల్లు విద్యార్థికి ఈ పేరు రెండు భాషల్లోనూ పరిచయమైనదే. అలాగే ‘వస్తుంది’ అని పాఠ్యపుస్తకం అంటే, ఎంకిపాటల్లోని క్రియలు ‘-తాది’ అని ముగుస్తాయి. రాయలసీమలో ‘వస్తాది’, ‘పోతాది’ అనడం అందరూ ఎరిగినదే. విద్యార్థికి అవ్వ గొంతు వినిపించింది ఇక్కడే.

ధ్వని విషయం అంతవరకు. అంతకన్న ముఖ్యమైనది పేరు చివర ఉన్న ఇకారం. ఎంకి, సుబ్బి, గంగి, నర్సి అనే రూపాలూ వెంకమ్మ, సుబ్బమ్మ, గంగమ్మ, నరసమ్మ అనే రూపాలూ ఒకే పేర్లకు రెండు అంతస్తులు. ‘అమ్మ’ చేరితే గౌరవం. ‘ఇ’తో ఆగితే చిన్నచూపు, లేదా చనువు. కూలిమనిషిని, పాలేరు పెళ్లాన్ని, ఇంట్లో అంట్లు తోమే పిల్లను వయసుతో నిమిత్తం లేకుండా పెద్ద ఇళ్లవాళ్లు ఇకారంతో పిలిచేవారు. అదే ఇకారంతో తల్లి కూతుర్ని పిలుస్తుంది, మొగుడు పెళ్లాన్ని పిలుస్తాడు. రూపం ఒకటే. పిలిచే నోరు మారితే అర్థం తలకిందులవుతుంది. కన్నడంలోనూ ఇంతే. నంజమ్మ వేరు, నంజి వేరు.

ఈ దృష్టితో కవి పేరును కూడా చూడాలి. ఆయన వెంకట సుబ్బారావు. ఒకే దేవుడి పేరు ప్లీడరుగారికి వచ్చినప్పుడు ‘గారు’ చేరుతుంది. పొలం పనికి పోయే పిల్లకు వచ్చినప్పుడు ముందున్న వకారం కూడా రాలిపోతుంది. కవి ఇది ఉద్దేశించే పేరు పెట్టాడని నేననడం లేదు. ఆనాటి ఊరిలో ఈ రెండు రూపాలూ ఎదురెదురు అరుగులమీద నిత్యం వినబడేవే. ఆయన చేసిన పని ఒక్కటే. పెద్ద ఇంటి అరుగుమీదినుంచి కేకేసే ‘ఎంకీ’ని తీసుకొని, చేనుగట్టున నిలబడ్డ నాయుడుబావ నోట పెట్టాడు. అంతే, పనిమనిషి పేరు ప్రియురాలి పేరైంది. తెలుగు కావ్యంలో అంతవరకు ఆ పేరుతో నాయిక ఉండడానికి వీలు లేదు. ఎంకిపాటల అసలు సాహసం మాండలికం వాడటం కన్న ఇది.

దూరం నేర్పిన పాట

ఈ పాటలు మొదలైన చోటు కూడా గమనించదగినదే. 1917–18 ప్రాంతంలో, మద్రాసులో చదువుకొనే రోజుల్లో, ట్రాముబండిలో వెళ్తుండగా మొదటి పాట తట్టిందన్న కథ సాహిత్యలోకంలో ప్రచారంలో ఉంది. మద్రాసులో విద్యుత్తు ట్రాములు నడవడం మొదలైంది 1895లో, అంటే నండూరివారు పుట్టిన ఏడే. అవి 1953 వరకు నడిచాయి. ట్రాములో చుట్టూ వినిపించేది అరవం, చేతిలోని పుస్తకం ఇంగ్లీషు. తెలుగులో ఏది రాయదగిన భాష అన్న వివాదం గ్రాంథిక, వ్యావహారిక వాదుల మధ్య ఆ దశాబ్దంలోనే జోరుగా సాగింది. అటువంటి చోట కూర్చున్న యువకుడికి చేలు, చెరువుగట్లు, రాత్రివేళ కావలి గుర్తుకు వచ్చాయంటే, ఆ ఊరు దగ్గర లేకపోవడమే అందుకు కారణమనిపిస్తుంది. ఊళ్లో ఉన్నవాడికి ఊరిమాట వినబడదు. అది గాలిలాగా ఉంటుంది. బయటికి వచ్చినవాడికే అది పాటగా వినబడుతుంది.

తెలుగుదేశానికి వెలుపల ఉన్న మన విద్యార్థులు ఈ సంగతి గుర్తించాలి. దూరం ఒక లోటే. అయితే చెవిని పదును చేసేది కూడా అదే.

పాటలు చాలావరకు ఇద్దరి మధ్య మాటలే. ఒకరు మరొకరితో చెప్పేవి, లేదా దగ్గర లేనివారిని తలచుకొని చెప్పుకొనేవి. నడిరేయి భయం విడిచి అతని దగ్గరికి వచ్చే ఎంకి ఉంది. దూరాన ఉన్న బావకు ఏం కష్టం వచ్చిందోనని తల్లడిల్లే ఎంకి ఉంది. ఇక్కడ ‘బావ’ అన్న మాటను తేలికగా తీసుకోరాదు. మేనరికాల సమాజంలో బావ అంటే పెళ్లాడే హక్కున్న వరస. కన్నడంలోనూ ‘బావ’ అదే వరస. ఆ పిలుపుతో ఆ ప్రేమ దొంగచాటు వ్యవహారం కాకుండా పోయింది. ఊరు ఒప్పుకొన్న చుట్టరికం అయింది. కావ్యనాయిక చెలికత్తెను రాయబారం పంపుతుంది. ఎంకికి చెలికత్తెతో పని లేదు. వరస ఉంది, నేరుగా మాట్లాడుతుంది.

ఎవరు ఎవరిని ఎలా పిలుస్తున్నారో చూస్తే ఇంకొక సంగతి తేలుతుంది. ఆమె అతన్ని పిలిచే పేరులో కులగౌరవం ఉంది, చుట్టరికం ఉంది. అతను ఆమెను పిలిచేది ఉత్త పేరుతో. పాట ఎంత మధురమైనా మగవాడికి, ఆడమనిషికి మధ్య ఉన్న ఈ ఎత్తుపల్లం పోలేదు. ఆనాటి కాపురాల్లోని సత్యం అది. కవి దాన్ని దాచలేదు, ప్రశ్నించనూ లేదు.

రెండు ఆక్షేపణలు

ఎంకిపాటలను ఒప్పుకోని విమర్శకుల్లో ముఖ్యుడు అక్కిరాజు ఉమాకాంతం. ‘నేటికాలపు కవిత్వం’ (1928)లో ఆయన భావకవిత్వాన్నంతటినీ అలంకారశాస్త్రం ముందు నిలబెట్టి విచారించాడు. ఎంకిపాటల శృంగారాన్ని ఉత్తమ కోటిలోకి రానివ్వలేదు. నాయికానాయకులు ఉత్తములు కాకపోతే శృంగారం రసం కాదు, రసాభాసమే అవుతుందన్న పాత సూత్రం ఆ తీర్పు వెనుక ఉంది. నేటి విద్యార్థి దీన్ని చదివి నవ్వి ఊరుకుంటే చాలదు. ఉమాకాంతం ఒక విషయాన్ని సరిగ్గా పట్టుకొన్నాడు. ఈ పాటల్లో తేలవలసినది మాటలు శుద్ధమా కావా అన్నది కాదు, ఎవరి ప్రేమ కావ్యానికి అర్హం అన్నది. ఆయన ఇచ్చిన జవాబును కాలం కొట్టేసింది. ఆయన వేసిన ప్రశ్న మాత్రం ఇంకా మిగిలే ఉంది.

రెండో ఆక్షేపణ ఈనాటిది. పల్లె ప్రజల గొంతును చదువుకొన్న అగ్రవర్ణ కవి అరువు తెచ్చుకొన్నాడు, ఆ గొంతు సొంతదారులకు దక్కిందేమిటి అన్నది. ఇది న్యాయమైన ప్రశ్న. ఎంకి లోకంలో పొలం ఉంది, పని ఉంది. కూలి రేటు లేదు, అప్పు లేదు, పెద్ద ఇంటి కేక లేదు. భాష కూడా ఏ ఒక్క ఊరి మాటకూ అచ్చమైన నకలు కాదు. ధ్వనులు పల్లెవి, భావాలు చాలాచోట్ల భావకవులవి. తర్వాతి పాటల్లో ఎంకి క్రమంగా మనిషితనం తగ్గి ఒక భావంగా, కలగా మారుతుంది. అక్కడ ‘ఎంకీ’ అనే పిలుపుకు బరువు తగ్గినట్టు నాకు తోస్తుంది. పలుచనైన రూపాన్ని ఏ పేరుతో పిలిచినా ఒకటే కదా. మొదటి పాటల బలమంతా ఆ పేరుకు ఒక ఊరు, ఒక వరస, ఒక కులపు అంతస్తు అంటుకొని ఉండడంలో ఉంది.

కన్నడంలో జి. పి. రాజరత్నం 1930ల దశాబ్దంలో చేసిన పనిని ఇక్కడ పోల్చి చూడవచ్చు. ‘రత్నన పదగళు’లో తాగుబోతు రత్న తన భార్య పుట్నంజిని గురించి పల్లె కన్నడంలో పాడతాడు. ఈ కవి కూడా చదువుకొన్నవాడే, అధ్యాపకుడే. అక్కడా నాయిక పేరు ఇకారంతోనే ముగుస్తుంది. అయితే రత్న లోకంలో పేదరికం కనిపిస్తుంది, కల్లుదుకాణం కనిపిస్తుంది. రత్న తన బతుకును చూసి తానే నవ్వుకొంటాడు. నాయుడుబావకు ఆ నవ్వు లేదు. అతనికున్నది తన్మయత. రెండింటిలో ఏది గొప్ప అని తూచనక్కరలేదు. ఒక భాషలో దొరకనిది మరొక భాషలో దొరకడం ద్విభాషా పాఠకుడికి దక్కే లాభం. ఎంకినీ పుట్నంజినీ అనువాదం లేకుండా పక్కపక్కన నిలబెట్టి చదవగలవాడు పావగడ విద్యార్థి. బెజవాడ విద్యార్థికి ఆ అవకాశం లేదు.

అరువు గొంతు విషయంలో నా అభిప్రాయం చెప్పి ముగిస్తాను. అరువు తెచ్చుకొన్నందువల్ల పాట అబద్ధం కాదు. కాని అరువును అరువని చెప్పుకోవాలి. ఎంకి ఎవరు అన్న ప్రశ్నకు కవి ఇంటిలో, కవి ప్రణయజీవితంలో జవాబు వెతికినంతకాలం ఆ అప్పు కనబడదు. ప్రేరణ ఒక స్త్రీ అందం అనుకొంటే కవి ఒక్కరికే ఋణపడ్డట్టు. ప్రేరణ ఒక పిలుపు అనుకొంటే, ఆ పిలుపును తరతరాలుగా ప్రేమతో వాడుకొన్న పేరులేని జనానికందరికీ ఋణపడ్డట్టు. పెద్ద ఇంటి అరుగు చిన్నచూపుకు వాడిన మాటను, గుడిసెలో ఎవరో మొగుడు అప్పటికే ప్రేమకు వాడుతున్నాడు. కవి విన్నది అతని గొంతునే.

కనుక ఈ పాటలను ఎంచుకొనే విద్యార్థులకు నా సూచన ఇది. సెమినారు పత్రంలో ఎంకి నిజంగా ఉన్నదా లేదా అని పది పుటలు నింపవద్దు. మీ ఊళ్లో, నిడుగల్లులోనైనా హోసూరులోనైనా, ఆడవాళ్లను ఎవరు ఏ రూపంతో పిలుస్తున్నారో ఒక పట్టిక తయారుచేయండి. అమ్మతో ముగిసే పేరు ఎవరికి దక్కుతోంది, ఇకారంతో ఆగే పేరు ఎవరికి మిగులుతోంది, పెళ్లయ్యాక, కొడుకు ఉద్యోగస్తుడయ్యాక ఆ పేరు మారుతున్నదా, చూడండి. పాట చెప్పేవారు దొరికితే వారి అనుమతితో పాటతోపాటు వారి పేరు కూడా, వారు కోరుకొన్న రూపంలో, రాసుకోండి. ఆ పట్టిక పక్కన పెట్టుకొని ఎంకిపాటలు మళ్లీ చదివితే, ఆ మొదటి పిలుపు ఎంత దూరం ప్రయాణం చేసి పుస్తకంలోకి వచ్చిందో మీకే తెలుస్తుంది.